నాలుకకు తెలియని నీళ్ళు

మా జేజికి నీళ్ళ రుచి చూడటం ఒక విద్య. నాయనమ్మని మా వైపు జేజి అంటాం. మాది నెల్లూరు జిల్లాలో అల్లూరుకు అవతల, సముద్రపు హోరు వినిపించేటంత దగ్గర్లో వున్న ఇసకపర్ర ఊరు. అక్కడ బావులకంటే దొరువులే ఎక్కువ. దొరువంటే తెలియనివాళ్ళకి చెప్పాలి. ఇసకనేలలో పెద్ద లోతు లేకుండా, వెడల్పుగా తవ్వుకున్న గుంట. వాన నీరు ఇసకలోకి ఇంకి, కింద వుండే ఉప్పునీటి మీద పాలమీది మీగడలా తేలి నిలుస్తుంది. పైపైన ముంచుకుంటే తియ్యటి నీళ్ళు. ఆశపడి లోతుకు తవ్వారో, ఉప్పు తగులుతుంది.

ఎండలు ముదిరే రోజుల్లో, చంకలోంచి బిందె దించీ దించకముందే జేజి దోసెడు నీళ్ళు నోట్లో పోసుకుని, ఒక్క క్షణం కళ్ళు మూసుకుని, పుక్కిలించి ఊసేసేది. "ఉప్పు తగిలిందే. రేపట్నించి తూర్పు దొరువుకి పోబాకండి" అని తీర్పు చెప్పేది. దానిమీద అప్పీలు లేదు. ఆవిడ నాలుక మీద మా ఇంటిల్లిపాదికీ అంత నమ్మకం.

ఆ నమ్మకంతోనే మా మేనత్తని మెట్టకిచ్చారు.

1958 నాటి మాట. పిల్లవాడిది ఉదయగిరి వైపు మెట్ట గ్రామం. మొలకొలుకుల బియ్యం తిని పెరిగిన పిల్లని జొన్నసంగటి తినే చోటికి ఇస్తారా అని బంధువులు మూతులు తిప్పారు. జేజి స్వయంగా బండికట్టించుకుని వెళ్ళింది. ఇల్లు చూసింది, ఎద్దుల్ని చూసింది, ఆఖర్న బావి దగ్గరికి వెళ్ళి చేద నీళ్ళు తోడించుకుని తాగింది. తిరిగొచ్చి, "ఏం నీళ్ళే అమ్మే! పానకం మాదిరుండాయి. పప్పు వెన్న మాదిరి వుడుకుతాది. పిల్ల సుఖపడతాది" అంది. సంబంధం ఖాయమైపోయింది.

జేజి నాలుక తప్పు చెప్పలేదు. ఆ నీళ్ళు నిజంగానే తియ్యగా వుండేవి. ఉప్పుని నాలుక పసిగడుతుంది, మురుగుని ముక్కు పసిగడుతుంది. ఆ నీళ్ళలో వున్నదాన్ని పసిగట్టే అంగం మాత్రం దేవుడు మనిషికి పెట్టలేదు.

సెలవులకు అత్త ఇంటికి వెళ్ళినప్పుడు చిన్నతనంలో నేను గమనించిన వింత ఒకటి వుంది. ఆ ఊళ్ళో పుట్టిన ఆడపిల్లల పళ్ళమీద పసుపు, గోధుమరంగు చారలు. ఆ ఊరికి కాపరానికొచ్చిన కోడళ్ళ పళ్ళు మాత్రం తెల్లన. నవ్వితే చాలు, ఆడపడుచెవరో కోడలెవరో చెప్పేయవచ్చు. అత్త కూతుళ్ళిద్దరివీ చారల పళ్ళే, అత్తవి మల్లెమొగ్గలే. అందరం దాన్ని "ఆ ఊరి పళ్ళు" అనుకుని ఊరుకున్నాం. వేపపుల్ల సరిగ్గా వెయ్యరని అత్త కూతుళ్ళని సాధించేది కూడా. పాపం, ఎంత తోమితే మాత్రం ఏం లాభం? ఆ చార పంటిమీద లేదు, పంటిలో వుంది. చిగుళ్ళ లోపల పన్ను తయారయ్యే వయసులో, సుమారు ఎనిమిదేళ్ళలోపు, తాగిన నీళ్ళు రాసిన రాత అది. కోడళ్ళు పెరిగి పెద్దయ్యాక వచ్చినవాళ్ళు గనక వాళ్ళ పళ్ళు బతికిపోయాయి. ఎముకల సంగతి వేరు. ఎముక ఎప్పటికప్పుడు కరుగుతూ, కొత్తగా కట్టుకుంటూ వుండేది. దానికి వయసు అడ్డం లేదు.

మావయ్యకి మొదట మెడ పట్టేసింది. నలభై అయిదేళ్ళ మనిషి. వెనక ఎవరైనా పిలిస్తే మెడ తిప్పలేక మనిషి మొత్తం తిరిగేవాడు. తల ఎత్తి మబ్బు చూడటం మానేశాడు, రైతు మబ్బు చూడకపోతే ఎట్లా? తర్వాత గొంతుక్కూర్చోవటం కష్టమైంది. ఆపైన అరికాళ్ళలో చీమలు పాకినట్టు తిమ్మిరి. కాలి చెప్పు జారిపోతే, పోయిందని పది అడుగులు నడిచాక, అదీ ఎవరైనా చెబితే, తెలిసేది. కాళ్ళు రెండూ కర్రల్లా బిగిసిపోయాయి.

వాతం అన్నారు. తైలాలు మర్దించారు. గాలి సోకిందన్నారు, తాయెత్తు కట్టారు, కోడిని కోశారు. దగ్గర్లోని వైద్యుడొకాయన పక్షవాతమని మందులిచ్చాడు. రెండేళ్ళు అలా గడిచాయి.

మన పెద్దవాళ్ళు ఒంట్లో కదలికకి సంబంధించిన జబ్బులన్నిటినీ వాతమనే గోతంలో వేసి మూతి బిగించేవారు. నోరు వంకరపోయినా వాతమే, చెయ్యి వణికినా వాతమే, కీళ్ళు పట్టేసినా వాతమే. మూర్ఛకి మాత్రం చేతిలో తాళంచెవుల గుత్తి. దానివల్ల ఒరిగేదేమీ లేదు. పడినవాణ్ణి పక్కకి ఒత్తిగిలించి, నోట్లో ఏమీ కుక్కకుండా, ఫిట్టు ఆగేదాకా దగ్గరుంటే చాలు. అయిదు నిమిషాలు దాటినా ఆగకపోతే ఆసుపత్రికి తీసుకుపోవాలి. ఇక పక్షవాతం. ఆ మాటలోనే అసలు కీలకం వుంది. పక్షం అంటే ఒక వైపు. మెదడులో ఒక భాగానికి రక్తం అందకపోయినా, అక్కడ నరం చిట్లినా, శరీరంలో ఒక పక్క పడిపోతుంది. మెదడు ఎడమభాగం దెబ్బతింటే కుడి చెయ్యీ కాలూ, కుడిభాగమైతే ఎడమవి. అదీ ఉన్నట్టుండి వస్తుంది: మూతి ఒక పక్కకి లాగడం, చెయ్యి లేవకపోవడం, మాట తడబడటం. అప్పుడు గంటలు కాదు, నిమిషాలు లెక్కపెట్టుకుని ఆసుపత్రికి పరుగెత్తాలి. రక్తపు గడ్డని కరిగించే మందు సాధారణంగా నాలుగున్నర గంటల్లోపు పడితేనే పనిచేస్తుంది.

మావయ్యకి వచ్చింది ఇలాంటిది కాదు. మాట స్పష్టంగా వుంది, మూతి వంకరపోలేదు, లెక్కలు నోటితో చెప్పేవాడు. ఒక పక్క కాదు, రెండు కాళ్ళూ. ఉన్నట్టుండి కాదు, ఏళ్ళ తరబడి మెల్లమెల్లగా. చదువుకున్న మేం కూడా ఆ తేడా చూడలేదు.

1984లో ఆయన్ని మద్రాసు తీసుకెళ్ళాం. నెల్లూరు వాళ్ళకి మద్రాసంటే ముందు సెంట్రల్ స్టేషనూ, దానికెదురుగా జనరల్ ఆసుపత్రీ. పొద్దున్నే బండి దిగి రోడ్డు దాటితే ఆసుపత్రి గేటు. నరాల విభాగంలో ఒక వయసుమళ్ళిన డాక్టరు, తెలుగు బాగానే వచ్చు, మావయ్య కాళ్ళ జోలికి పోకుండా, "నోరు తెరవండి" అన్నారు. మాకు ఆశ్చర్యమేసింది. కాళ్ళు పడిపోయిన మనిషిని నోరు తెరవమంటాడేమిటి? పళ్ళు చూసి, "ఏ ఊరు మీది? నీళ్ళు ఎక్కడివి?" అని అడిగారు. ముంజేతులకి, వెన్నుకి ఎక్స్‌రేలు తీయించారు. వెన్నులోకి మందు ఎక్కించి మరో ఎక్స్‌రే. అప్పటికి ఎమ్మారై స్కానులు మనదాకా రాలేదు.

ఫిల్ము వెలుగుకి పట్టి చూపించారు. మామూలు ఎముక బూడిదరంగులో, లోపల అల్లికతో కనిపించాలిట. మావయ్య వెన్ను సుద్దముక్కలా తెల్లగా వుంది. ముంజేతిలో రెండెముకల మధ్య వుండే పలచని పొర కూడా గట్టిపడి, రంపపు పళ్ళలా తెల్లగా మెరిసింది.

మా అత్తకి అర్థమయ్యేట్టు ఆయన చెప్పిన తీరు ఇప్పటికీ మరిచిపోలేను. "అమ్మా, మెదడు కిలో మూడు నాలుగొందల గ్రాముల బరువుంటుంది. దాన్నుంచి ఒక తాడు కిందికి దిగుతుంది. దాన్ని వెన్నుపాము అంటాం. మీ చిటికెన వేలంత లావు, ఒక మూర పొడవు, అంతే. దాన్లోంచి ముప్ఫై ఒక్క జతల నరాలు బయటికొచ్చి చేతులకీ కాళ్ళకీ పోతాయి. కాలు కదుపు అని మెదడు ఆజ్ఞ ఇచ్చినా, కాలికి ముల్లు గుచ్చుకుందని పైకి కబురు పోవాలన్నా దారి ఆ తాడే. ఆ తాడుకి కాపలాగా దేవుడు గాజులు పేర్చినట్టు వెన్నుపూసలు పేర్చాడు. ఆ గాజుల మధ్య బోలులోంచి తాడు దిగుతుంది. నీళ్ళు కాచే బిందె లోపల సున్నం పెచ్చు కట్టడం చూశారుగా? మీవారి గాజుల లోపలివైపు అలా పెచ్చు కట్టింది. గాజు బయటికి పెరిగితే నష్టం లేదు. లోపలికి పెరిగింది, తాడు నలిగిపోతోంది. ఆయన మెదడుకి ఏ జబ్బూ లేదు. చెప్పిన మాట కిందికి దిగడం లేదు, అంతే."

"పెచ్చు ఎట్టా కట్టిందయ్యా?" అంది అత్త.

"నీళ్ళలోంచమ్మా. మీ బావి నీళ్ళలో ఫ్లోరైడు వుంది."

అత్త చాలాసేపు మాట్లాడలేదు. ఆ తర్వాత అన్న మాట ఆయనకి కాదు, తనకి తనే చెప్పుకున్నట్టు. "అయితే ఇన్నేళ్ళూ నేను మోసుకొచ్చిన నీళ్ళేనా?"

ఇరవై ఆరేళ్ళు. రోజుకి నాలుగు బిందెలు, ఎండాకాలం ఆరు. నాకేం చెప్పాలో తోచలేదు. డాక్టరే అన్నారు, "మీరు తేకపోతే ఇంకొకరు తెచ్చేవారమ్మా. మీ జిల్లాలో ఈ సంగతి బయటపడి యాభై ఏళ్ళయింది. చెప్పాల్సినవాళ్ళు మీకు చెప్పలేదు."

యాభై ఏళ్ళా! ఆ మాట నా మనసులో ముల్లులా వుండిపోయింది. చాలా కాలం తర్వాత, పిల్లలు పెద్దవాళ్ళయి తీరిక చిక్కాక, ఆ కథ వెతుక్కుంటూ పోయాను. చదివేకొద్దీ ఇది మా మావయ్య ఒక్కడి కథ కాదని తెలిసింది.

ఈ దేశంలో ఫ్లోరైడు జబ్బు మొదట బయటపడినచోట్లలో మా నెల్లూరు జిల్లా ముఖ్యమైనది. దాన్ని కనిపెట్టింది మొదట డాక్టర్లు కారు, రైతులు. 1930ల తొలి సంవత్సరాల్లో, కాడికి కట్టిన ఎద్దులు కీళ్ళు బిగిసి, నొప్పులతో నడవలేకపోవడం వాళ్ళు గమనించారు. ఒంగోలు జాతి ఎద్దంటే మా వైపు ఇంటి పెద్దకొడుకుతో సమానం. ఎద్దు కుంటితే రైతు ఊరుకోడు. భార్య మెడ పట్టేసిందంటే మాత్రం పని ఎక్కువై వుంటుందిలే అంటాడు, అది వేరే సంగతి. 1934లో నిజాం రాష్ట్రంలోని పశువుల్లోనూ ఇటువంటి జబ్బే వున్నట్టు మహాజన్ అనే శాస్త్రవేత్త రాశారు. పశువుల తర్వాత చూపు మనుషుల మీదికి మళ్ళింది.

ఆ రోజుల్లో మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌కి డైరెక్టరు హెన్రీ ఎడ్వర్డ్ షార్ట్ అనే ఆంగ్లేయుడు. మలేరియా క్రిమి మనిషి కాలేయంలో దాక్కుంటుందని 1948లో గార్న్‌హామ్‌తో కలిసి నిరూపించింది ఈయనే. ఆయన, సి.జి. పండిట్, రాఘవాచారి కలిసి 1937లో నెల్లూరు జిల్లాలోని ఫ్లోరోసిస్ గురించి ఇండియన్ మెడికల్ గెజిట్‌లో ప్రకటించారు. ఇప్పటికీ ఫ్లోరైడు మీద మన దేశంలో ఎవరు ఏం రాసినా మొదటి వాక్యాల్లో నెల్లూరు, 1937 అని కనిపిస్తాయి. అప్పటి నెల్లూరు జిల్లా ఇప్పటికంటే పెద్దది. కనిగిరి, పొదిలి, దర్శి వంటి మెట్ట తాలూకాలు అందులోనే వుండేవి. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు అవి విడిపోయాయి. జిల్లా మారింది గాని నీళ్ళు మారలేదు.

అదే ఏడు షార్టు మరి ముగ్గురితో కలిసి ఇంకో వ్యాసం రాశారు. ఫ్లోరైడు వల్ల వెన్ను నలిగి కాళ్ళూ చేతులూ చచ్చుబడటం మొదటిసారి వివరంగా లోకానికి తెలిసింది అందులోనే. ఆ ముగ్గురిలో మెక్‌రాబర్ట్ మద్రాసులో వైద్యం చెప్పిన ప్రొఫెసరు, మరొకరు నాయర్. మూడో ఆయన ఎక్స్‌రే నిపుణుడు బర్నార్డ్. మద్రాసు జనరల్ ఆసుపత్రిలోని ఎక్స్‌రే సంస్థకి ఆయన పేరే వుంది, బర్నార్డ్ ఇన్‌స్టిట్యూట్ అని. అది చదివి నేను పుస్తకం మూసి కాసేపు అలా కూర్చుండిపోయాను. మావయ్యని చక్రాల కుర్చీలో తోసుకుపోయిన ఆసుపత్రే గదా అది! మా జిల్లా మెట్ట రైతుల ఎముకల్ని మొదట చదివినాయన పేరు మా నెత్తిమీదే వుండి వుంటుంది. మేం చూసుకోలేదు.

ఆ కాలానికే అమెరికాలో ఇంకో కథ నడిచింది. కొలరాడోలో ఫ్రెడరిక్ మెకే అనే దంతవైద్యుడు 1901లో ప్రాక్టీసు పెడితే, ఆ ఊరివాళ్ళ పళ్ళన్నీ గోధుమరంగు మరకలే. నీళ్ళలో ఏదో వుందని ఆయనకి అనుమానం, అదేమిటో తేల్చలేక ముప్ఫై ఏళ్ళు తిరిగాడు. 1931లో తేల్చింది చర్చిల్ అనే రసాయనవేత్త, అల్యూమినియం కంపెనీ ఉద్యోగి. అల్యూమినియం గిన్నెల్లో వండుకుంటే విషమని అప్పట్లో ప్రచారం జరుగుతుంటే, కంపెనీ ఊళ్ళో పిల్లల పళ్ళ మరకలు కూడా గిన్నెల నెత్తికి చుట్టుకుంటాయేమోనని భయపడి నీళ్ళని పరీక్ష చేయించాడు. దొరికింది ఫ్లోరైడు. గిన్నెల పరువు కాపాడబోయి ఇంత పెద్ద సంగతి బయటపెట్టాడన్నమాట.

ఆ కొలరాడో కథ ప్రధానంగా పళ్ళ దగ్గర నడిచింది. మా దగ్గర వెన్నుదాకా పోయింది. ఎందుకని? ఎండ మెండు, పొలంలో కష్టం చేసేవాడు తాగే నీళ్ళూ మెండు. తిండి అంతంతమాత్రం. పండిట్, రాఘవాచారి బృందం 1940లో మళ్ళీ రాస్తూ, సరైన పోషణ లేనిచోట, ముఖ్యంగా సి విటమిన్ కొరత వున్నచోట, ఎముకల జబ్బు ముదురుతోందని అనుమానించారు. ఒకే బావి నీళ్ళు తాగినా, పాడి వున్న ఇంటికీ లేని ఇంటికీ తేడా వుంటుందన్నమాట. ఈ పండిట్ గారే తర్వాత భారత వైద్య పరిశోధన మండలికి మొదటి డైరెక్టరయ్యారు.

అసలా ఫ్లోరైడు నీళ్ళలోకి ఎక్కణ్ణించి వస్తుంది? ఎవరూ కలపలేదు. రాతిలోదే. గ్రానైటు రాళ్ళలో, అభ్రకంలో ఫ్లోరిన్ వుంటుంది. మా జిల్లా అభ్రకం దేశదేశాలకీ ఎగుమతయిన సరుకాయె! భూమిలో నీరు రాతిని ఒరుసుకుంటూ ఎంతకాలం నిలిస్తే అంత ఫ్లోరైడు దిగుతుంది. నీళ్ళలో కాల్షియం వుంటే అది ఫ్లోరైడుని పట్టి కిందికి దింపేస్తుంది. కాల్షియం తక్కువైన నీళ్ళలో అది హాయిగా కరిగి కూర్చుంటుంది. కాల్షియం తక్కువ నీళ్ళంటే ఏమిటో మనకి తెలుసు. సబ్బు బాగా నురగొస్తుంది, పప్పు చక్కగా ఉడుకుతుంది. జేజి మెచ్చుకున్న గుణాలే!

1937లో సంగతి తెలిసిందే గదా, మరి ఆ తర్వాత ఏం జరిగింది? ఈ ప్రశ్నకి జవాబు వెతికితే నాకు కోపమే మిగిలింది. డాక్టర్లు రాయటం మానలేదు. 1955లో సిద్దిఖీ నల్గొండ జిల్లా జబ్బు గురించి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు. పాటియాలా డాక్టర్లు పంజాబ్ రైతుల నరాల గురించి 1961లో లాన్సెట్‌లో రాశారు. 1973లో హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ నుంచి కృష్ణమాచారి, కృష్ణస్వామి పిల్లల మోకాళ్ళు లోపలికి వంగిపోవడం గురించి రాశారు. లండన్‌లో చదివారు. బావి దగ్గర చేద పట్టుకున్న మనిషికి మాత్రం ఎవరూ చదివి వినిపించలేదు. నరాల శస్త్రచికిత్స నిపుణుడు, నిమ్స్ డైరెక్టరుగా చేసిన డాక్టర్ డి. రాజారెడ్డి చాలా ఏళ్ళు ఈ రోగుల్నే చూశారు. ఆయనకి శాతవాహనుల నాణేలంటే మోజు, వాటిమీద పుస్తకాలు కూడా రాశారు. ఎముకల జబ్బు ముదిరినవాళ్ళలో నూటికి సుమారు పదిమందికి నరాలు దెబ్బతింటాయని 2009లో ఆయన రాసిన వ్యాసంలో వుంది.

ఉపాయం కూడా మన దగ్గరే పుట్టింది. నాగపూరులోని నీరీ సంస్థ 1970ల నడిమిలో ఒక పద్ధతి తయారుచేసి, దానికి నల్గొండ పద్ధతి అని పేరు పెట్టింది. నీళ్ళలో సున్నం, పటిక, కాస్త బ్లీచింగు పొడి కలిపి తిప్పితే ఫ్లోరైడు మడ్డితోపాటు అడుక్కి దిగుతుంది. పైన తేటని వాడుకోవాలి. 1980లో అనంతపురం జిల్లా కదిరిలో ఊరంతటికీ సరిపడే ప్లాంటు పెట్టారు. ఇంట్లోనూ చేసుకోవచ్చునన్నారు. చేసుకోవచ్చు. అయితే పటిక ఎంత వెయ్యాలన్నది నీళ్ళని బట్టి మారుతుంది. కొలవాలి, కలపాలి, తిప్పాలి, గంటల తరబడి ఆగాలి, మడ్డి పారబొయ్యాలి. ఎవరు? పొద్దున్నే లేచి గొడ్లకి గడ్డివేసి, పిల్లలకి గంజి కాచి, కూలికి పోయే ఆడమనిషి! కాగితం మీద తేలికైన పని, చేతికొచ్చేసరికి ఆవిడ నెత్తిమీద ఇంకో బిందె.

2008–09లో కేంద్రప్రభుత్వం ఫ్లోరోసిస్ నివారణ కార్యక్రమం మొదలుపెట్టి, ముందుగా ఎంచుకున్న కొద్ది జిల్లాల్లో నెల్లూరుని చేర్చింది. 1937 నుంచి లెక్క వేసుకోండి. కృష్ణ నీళ్ళని సొరంగాల్లోంచి మెట్టకి తేవాలన్న వెలిగొండ ప్రాజెక్టుకి 1996లో ఒకసారి, 2004లో ఒకసారి శంకుస్థాపన జరిగింది.

ఇక మన వంటింటి సంగతి. నీళ్ళు కాచి తాగితే సరిపోతుందనుకుంటాం. కాచితే క్రిములు చస్తాయి, ఫ్లోరైడు చావదు. పైగా ఆవిరైపోయిన నీటి పాలు కూడా మిగిలినదాన్లో చిక్కబడుతుంది. గుడ్డతో వడకట్టినా పోదు. పరీక్ష ఒక్కటే దారి. లీటరుకి ఒక మిల్లీగ్రాము లోపుంటే మంచిది, వేరే నీళ్ళు దొరకనప్పుడు ఒకటిన్నర దాకా ఓర్చుకోవచ్చునని మన దేశపు ప్రమాణం. టీ ఆకులో కూడా ఫ్లోరైడు వుంటుంది, అలాంటి ఊళ్ళలో రోజుకి ఏడెనిమిది కప్పులు పట్టించేవాళ్ళు గుర్తుపెట్టుకోవాలి. పాలు, పెరుగు, ఉసిరి, ఆకుకూరలు మేలు చేస్తాయి. చింతపండు మాట చెబితే మీరు సంతోషిస్తారు. పోషకాహార సంస్థవారు 2002లో ప్రచురించిన పరిశీలనలో, బడిపిల్లలకి రోజుకి పది గ్రాముల చింతపండు పద్దెనిమిది రోజులపాటు ఇస్తే, మూత్రంలో ఫ్లోరైడు ఎక్కువగా బయటికి పోయింది. అలాగని చారు తాగుతూ అదే బావి నీళ్ళు తాగమని కాదు సుమా. పిల్లల తెలివితేటల మీద కూడా దీని ప్రభావం వుందా అన్న చర్చ చాలా కాలంగా జరుగుతోంది. లీటరుకి ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటిన నీళ్ళకీ పిల్లల్లో తెలివి కొలతలు తగ్గడానికీ సంబంధం వుందని, ఆ మాట ఓ మోస్తరు నమ్మకంతో చెప్పగలమని 2024లో అమెరికా ప్రభుత్వ విషపదార్థాల పరిశోధన విభాగం తేల్చింది. వెన్నుదాకా వచ్చిందనుకున్నది మెదడు గడప దగ్గర కూడా నిలబడి వుందేమో.

మావయ్యకి ఆపరేషను చేశారు. గాజుల వెనకభాగం కోసి తీసి, తాడుకి కాస్త ఊపిరి ఇచ్చారు. అందరికీ ఫలించే ఆపరేషను కాదని ముందే చెప్పారు. మావయ్యకి సగం ఫలించింది. కర్ర పట్టుకుని మంచం నుంచి వసారాదాకా నడిచేవాడు. తొమ్మిదేళ్ళు బతికాడు. నలిగినంతకాలం నలిగిన నరం తిరిగి మొలకెత్తదు. ఆ మొదటి రెండేళ్ళు తైలాలకీ తాయెత్తులకీ పోకపోతే అని ఇప్పటికీ నాకనిపిస్తుంది. నడక బిగిసిపోవడం, చెప్పు జారింది తెలియకపోవడం, రెండు కాళ్ళూ కలిసి బరువెక్కడం, మూత్రం పట్టు తప్పడం – వీటిలో ఏది కనిపించినా నరాల డాక్టరు దగ్గరికి వెంటనే వెళ్ళాలని అప్పుడు మాకెవరూ చెప్పలేదు.

జేజికి ఈ సంగతి ఎవరం చెప్పలేదు. ఆవిడ 1986లో పోయింది. చివరిదాకా మా అల్లుడికి ఎవరో చేతబడి చేశారనే అనుకుంది. ఆ బావి నీళ్ళ రుచి మాత్రం పదిమందికీ చెప్పేది.

2012లో అత్త ఊళ్ళో నీళ్ళు శుద్ధి చేసే ప్లాంటు పెట్టారు. ఇరవై లీటర్ల క్యాను, మనవడు సైకిలు మీద తెచ్చిపెట్టేవాడు. ఆ ఎండాకాలం నేను వెళ్ళినప్పుడు అత్త గ్లాసెడు నీళ్ళిచ్చి, తనూ గ్లాసెడు పట్టుకుని కూర్చుంది. అచ్చం జేజిలాగే ఒక గుక్క నోట్లో పోసుకుని, కళ్ళు మూసుకుని, మింగింది.

"ఎట్టుండాయత్తా?" అన్నాను.

"సప్పగుండాయి అమ్మణ్ణీ. నీళ్ళ మాదిరే లేవు" అంది. గ్లాసు ఖాళీ చేసి, మనవడి కొడుకుని దగ్గరికి పిలిచి, నోరు తెరిపించి, కొత్తగా వస్తున్న పళ్ళని వెలుగుకి తిప్పి చూసుకుంది.